కుట్టుమిషన్ల చప్పుడులో ఏ పుస్తకం?

ప్రశ్న: నమస్కారమండీ. మాది పాతపట్నం. పర్లాకిమిడికి కోడలిగా వచ్చి, ఇంటి ముందుగదిలోనే చిన్న టైలరింగ్ షాపు పెట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక కటింగ్ పెట్టుకోం. హెమ్మింగులు, కాజాలు, హుక్కులు కుట్టుకునే వేళ అది. ఫోన్లో వీడియోలు పెడితే చేతులు ఆగిపోతున్నాయని నేనే తెలుగు పుస్తకం పైకి చదవడం మొదలుపెట్టాను. వినేవాళ్లు మా అత్తగారు (రామాయణం తప్ప మిగతావి కథలే కావంటారు), పని నేర్చుకుంటున్న ఇద్దరమ్మాయిలు, ఎనిమిదో తరగతి చదివే మా పాప (ఒడియా మీడియం; తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు), తెలుగు బాగా అర్థమయ్యే పక్కింటి ఒడియా ఆవిడ. సెలవు రోజుల్లో మా మరిది కూడా వస్తాడు. అతనికి డిటెక్టివ్ నవలలు తప్ప ఏవీ పట్టవు. గొప్ప పుస్తకమని ఎవరో చెబితే ‘వేయిపడగలు’ తెచ్చాను. వారం తిరక్కుండా ఒక్కొక్కరే ఏదో పని చెప్పి జారుకున్నారు. మాకు నవ్వు, ఏడుపు, భయం, యాత్రలు, సైన్సు అన్నీ కావాలి. ఏ పుస్తకాలు, ఏ వరసలో చదవమంటారు? ఎక్కువ ఖర్చు పెట్టలేం. (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం:

అమ్మా,

‘వేయిపడగలు’ మధ్యలో ఆగిపోయిందని మీరు చిన్నబుచ్చుకోకండి, వినేవాళ్లనీ తప్పు పట్టకండి. విశ్వనాథవారు ఆ నవలని నోటితో చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాసుకున్నారనీ, 29 రోజుల్లో పూర్తయిందనీ చెబుతారు. అలా నోట పుట్టిన పుస్తకమే చెవికి మాత్రం ఎక్కదు, చూడండి! సుబ్బన్నపేట కథ తరాల తరబడి సాగుతుంది. మనుషులు వస్తారు, పోతారు, మధ్యలో ధర్మం గురించీ చదువుల గురించీ పేజీలకి పేజీలు చర్చ. ఎవరూ లేనప్పుడు కూర్చుని, కావాలంటే నాలుగు పేజీలు వెనక్కి తిప్పుకుంటూ చదివేవాళ్లకి అది మంచి పుస్తకం. మీ షాపులో వాళ్ల చేతిలో సూది ఉంది, చూపు గుడ్డ మీద ఉంది. వాళ్లు వెనక్కి తిప్పుకోలేరు.

అందుకని నవ్వా, ఏడుపా, భయమా అన్న లెక్క రెండోది. పైకి చదివితే నిలిచే పుస్తకమా కాదా అన్నది మొదటి లెక్క. మనుషులు తక్కువగా, మాటలు ఎక్కువగా ఉండాలి. ఒక మధ్యాహ్నంలో ఒక ముక్క తెగాలి. నిన్న రానివాళ్లకి ఇవాళ రెండు మాటల్లో కథ అందించేలా ఉండాలి. ఈ మూడూ లేని పుస్తకం ఎంత గొప్పదైనా మీ బల్ల మీద కాదు, మీ మంచం పక్కన ఉండాలి.

మొదటి రోజుకి గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వచ్చింది. గట్టిగా నాలుగైదు పేజీలు. ఒక మొగుడు అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి తలుపు తడతాడు. లోపల పెళ్లాం ఉండదు, ఉత్తరం ఉంటుంది. అక్కణ్నుంచి మీ అమ్మాయిలు సూది ఆపి తలెత్తకపోతే నన్నడగండి. తొలి తెలుగు కథ ఇదేనని చాలాకాలం అనేవారు. 1902లోనే భండారు అచ్చమాంబగారు ‘ధనత్రయోదశి’ రాశారు కాబట్టి ఆ మాట ఇప్పుడు నిలవదు. వీలైతే అదీ చదవండి, అయితే భాష కాస్త గ్రాంథికంగా ఉంటుంది. పైకి చదివేటప్పుడు మీరే మామూలు మాటల్లోకి మార్చుకోవాలి.

మర్నాటి నుంచి చాసో. చాగంటి సోమయాజులుగారు 1915లో శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో బతికిన మనిషి. కథలు చిన్నవి, ఒక్క వాక్యం కూడా ఎక్కువ ఉండదు. ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో చదువు ఆగిపోయిన కుర్రాడున్నాడు. ‘కుంకుడాకు’లో ఆకులేరుకునే పిల్ల ఉంది. ‘వాయులీనం’లో వయొలిన్ ఉంది, జబ్బుపడ్డ ఇల్లాలు ఉంది. కథ అయిపోయాక ఎవరూ మాట్లాడకపోతే మీరూ మాట్లాడకండి, వెంటనే ఇంకో కథ ఎత్తుకోకండి. రోజుకొకటి చాలు. వరసగా నాలుగు చదివితే బరువైపోతాయి. వాటి మధ్యన నవ్వు కలపాలి.

నవ్వంటే నాకు మొట్టమొదట తోచేది ‘బుడుగు’. ముళ్లపూడి వెంకటరమణ మాట, బాపు బొమ్మ. పిల్లాడు తన నోటితో తానే చెప్పుకుపోతాడు కాబట్టి మీరు ఏ ఏర్పాటూ చేసుకోనక్కర్లేదు, పుస్తకం తీసి గొంతు కాస్త పెంచితే చాలు. మీ పాపకి అక్షరాలు రాకపోయినా బొమ్మలు చూస్తుంది. తర్వాత భానుమతీ రామకృష్ణగారి ‘అత్తగారి కథలు’. అవును, ఆ సినిమా భానుమతిగారే. మీ అత్తగారి ఎదురుగా చదవొచ్చా అని మీకు సందేహం వస్తుంది. నిక్షేపంగా చదవొచ్చు. అందులో అత్తగారిని చూసి నవ్వుతూనే ముద్దు చేస్తారు. మొదటి కథ మాత్రం ఆవిడ ముఖం చూస్తూ చదవండి. ఆవిడ నవ్వితే ఆ పుస్తకం అయ్యేదాకా మీకు దిగుల్లేదు.

వీటితో ఒక నెల గడుస్తుంది. ఈలోగా వినేవాళ్లకి అలవాటవుతుంది, మీ గొంతుకీ అలవాటవుతుంది. అప్పుడు పెద్ద పని పెట్టుకోండి: ‘కన్యాశుల్కం’.

భయపడకండి. స్కూలు పాఠంలో ఒక ముక్క చదివి మార్కుల కోసం వదిలేసిన పుస్తకం కాదు ఇది. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఇప్పుడు మనం చదివేది ఆ రెండోదే. ఏడంకాలు. వేదిక మీద పూర్తిగా ఆడాలంటే తెల్లవారిపోతుంది కానీ, రోజుకొక రంగం చదువుకునేవాళ్లకి ఇంతకంటే మంచి సీరియల్ లేదు. గిరీశం ఎక్కడ అప్పు ఎగవేశాడు, మధురవాణి ఎవరి పని పట్టింది, రామప్పంతులు ఏ కాగితం సృష్టించాడు... ఇవన్నీ రేపటికి ఏమవుతాయోనని మీ అమ్మాయిలు ఇంటికెళ్లి కూడా అనుకుంటారు. పైగా అది మన వైపు మాట. కోస్తా మధ్య జిల్లాల పాఠకులు నోట్సు చూసుకునే చోట మీ అత్తగారు నవ్వేస్తారు.

చదవగలిగినవాళ్లు మీతో పాటు ఇంకొకరుంటే పాత్రలు పంచుకోండి. గిరీశం మాటల్లో ఇంగ్లీషు ముక్కలు బోలెడు, చాలా ముద్రణల్లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే వేశారు. అవి మీ పాపకి ఇవ్వండి. స్కూల్లో నేర్చుకుంటోంది కదా, ఆ ముక్క రాగానే తను అందుకుని చదువుతుంది. వెంకటేశం వయసు పిల్ల గిరీశం ఇంగ్లీషు దంచుతుంటే అసలు నాటకంలో లేని తమాషా కూడా మీకు దక్కుతుంది. కులాల పేర్లు, తిట్లు, విధవల గురించి ఆ కాలపు మోటు మాటలు వస్తాయి. దాటేయకండి. చదివి, అవి ఎవరి నోట వచ్చాయో పిల్లలకి చెప్పండి. ఆ నాటకం తగువంతా అక్కడే ఉంది.

మీ ఊరి సంగతి ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. గిడుగు రామమూర్తిగారు 1880 నుంచీ మీ పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. గురజాడా ఆయనా విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్లు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని ఆయన పండితులతో పోరాడారు. కొండల మీది సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మీరు పైకి చదివితే ఇద్దరు టైలరింగ్ పిల్లలకి తెలుగు పుస్తకం ఇట్టే అర్థమవుతోందంటే అందులో ఆ మేష్టారి వాటా ఉంది.

ఇక మీ పాప. తెలుగు అక్షరాలు నేర్పాలని పెద్దబాలశిక్ష ముందు పెట్టి కూర్చోబెట్టకండి. ఒడియాకీ తెలుగుకీ అఆఇఈల వరస ఒకటే, గుణింతం పద్ధతీ ఒకటే, రూపాలు తెలిస్తే చాలు. కోరిక పుడితే ఒక్క వేసవి సెలవుల్లో పట్టేస్తుంది. ఆ కోరిక పుట్టించడానికి ‘రైలుబడి’ ఉంది. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి రాసుకున్న ‘తొత్తోచాన్’కి తెలుగు అది. పాత రైలు పెట్టెల్ని తరగతి గదులుగా చేసుకున్న బడి, ఇంకో బడి వాళ్లు వద్దని పంపేసిన పిల్ల. మీ పాప పుట్టకముందే మీ ఊరి చిన్న రైలు ఆగిపోయింది (నౌపడా–గుణుపూర్ లైను 2004లో ఆపేసి బ్రాడ్‌గేజ్ వేశారు). ఆ బుల్లి పెట్టెలు ఎలా ఉండేవో మీ అత్తగారు చెబితే, ఆ బడి పాప కళ్ల ముందుకి తేలిగ్గా వస్తుంది. ఈ పుస్తకాన్ని సగం మీరు చదివి, మిగతా సగం తను చదువుకునేలా ఆపేయండి. కొంచెం దుర్మార్గమే, కానీ పనిచేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, ఒకరోజు మీరు చదవడం మానేసి పాప చేత ఒడియాలో చదివించండి. ఫకీర్‌మోహన్ సేనాపతి ‘రేవతి’, 1898 నాటి కథ. చదువుకోవాలని ఆశపడ్డ ఆడపిల్ల, పల్లెకి వచ్చిన కలరా, ప్రతి చావుకీ ఆ పిల్ల చదువునే తిట్టే నాయనమ్మ. పక్కింటావిడకి ఆ రోజు పండగ. ఇన్నాళ్లూ మీ భాషలో ఆవిడ వింటోంది, ఆ రోజు ఆవిడ భాషలో మీరంతా వింటారు. బోర్డర్లో ఉన్న మనకి ఉన్న సౌకర్యం ఇది, విజయవాడ వాళ్లకి లేదు. కథ ముగింపు చాలా చేదుగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. ‘దిద్దుబాటు’ విన్నవాళ్లకి ‘రేవతి’ వినిపిస్తే ఎవరూ అడక్కుండానే మాటలు మొదలవుతాయి. ఒకచోట చదువుకున్న ఆడది ఇల్లు చక్కదిద్దింది, ఇంకోచోట చదువుకోవాలన్న పిల్ల మీదే ఊరి పాపమంతా పడింది. వీటి మధ్య పన్నెండేళ్లే తేడా. మీ అత్తగారు ఎవరి పక్షం తీసుకుంటారో నాకూ తెలుసుకోవాలనుంది.

పక్కింటావిడకి ఇంకా కావాలంటే ఫకీర్‌మోహన్‌దే ‘ఛ మాణ ఆఠ గుంఠ’ నవల. రామచంద్ర మంగరాజ్ అనే జమీందారు ఒక సాలె దంపతుల చెక్క భూమి ఎలా కాజేశాడన్నది కథ. చెప్పే తీరంతా వెక్కిరింతే. ‘కన్యాశుల్కం’ తొలి అచ్చు పడిన 1897లోనే కటకంలో ఇది సీరియల్‌గా మొదలైంది. ఒకరినొకరు ఎరగని ఇద్దరు పెద్దమనుషులు ఒకే ఏడు పెద్దల్ని నిలబెట్టి నవ్వారన్నమాట. కొండ మీది కథలు కావాలంటే గోపీనాథ్ మహంతి. కోరాపుట్ పరజా గిరిజనుల మీద 1945లో ‘పరజా’ రాశారు. అప్పుకి గొతి (వెట్టి) మనుషులుగా మారిపోయే ఒక కుటుంబం కథ. ఆ తర్వాత కోందుల మీద రాసిన ‘అమృతర సంతాన’కి 1955లో ఒడియాలో మొట్టమొదటి సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. దాన్ని మన సాలూరు మనిషి పురిపండా అప్పలస్వామిగారు ‘అమృత సంతానం’గా తెలుగు చేశారు. ఈ రెండూ షాపులో చదివేవి కావు, పెద్దవి, నెమ్మదైనవి. రాయగడ, గుణుపూర్ సంతల్లో మనం రోజూ చూసే మనుషుల ఇంట్లోకి వెళ్లి కూర్చోవాలనిపించినప్పుడు మీరు ఒంటరిగా చదువుకోండి.

కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ మాత్రం షాపులోకే. అది పెద్దకథ, మూడు నాలుగు మధ్యాహ్నాలు పడుతుంది. ఊళ్లో ఒక పాత అప్పు తగువు, పంచాయితీ. ఒక్కొక్కరూ లేచి మాట్లాడతారు, ప్రతివాడి మాటా న్యాయంగానే వినిపిస్తుంది. అప్పు కాగితాల మీద వేలిముద్రలు వేసిన ఇళ్లు మన చుట్టూ ఎన్ని! మీ అమ్మాయిల ఇళ్లల్లోనూ ఉండొచ్చు, అందుకే మధ్యలో ఎవరైనా అడ్డుపడి మాట్లాడితే చదవడం ఆపి విననివ్వండి. చివరి నాలుగు పేజీలు మాత్రం ముందు మీరొక్కరే చదివి, పాప ఉండగా చదవాలా వద్దా మీరే తేల్చుకోండి. నేనైతే పాప బడికెళ్లిన రోజు చూసుకుంటాను.

రావిశాస్త్రిగారి ‘ఆరు సారా కథలు’ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఆయన విశాఖలో లాయరు. సారా నిషేధం రోజుల్లో పోలీసులు, కోర్టు గుమస్తాలు, సారా అమ్మే ఆడవాళ్లు ఎలా మాట్లాడేవారో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కాకపోతే ఒక్కో వాక్యం ఊపిరాడనివ్వదు. ఒకదాని మీద ఒకటి పోలికలు పేర్చుకుంటూ పోతారు. రాత్రి ఒకసారి మీరు చదువుకుని ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చూసుకుంటే మర్నాడు బ్రహ్మాండంగా పండుతుంది. ఆయనదే ‘అల్పజీవి’ మటుకు పైకి చదవకండి. అదంతా ఒక పిరికివాడి బుర్రలో జరిగే నవల. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, చలం ‘మైదానం’ కూడా ఒంటరి పుస్తకాలే. చలాన్ని అత్తగారి ముందు చదవలేక కాదు, ఆ పుస్తకం ఒక్కరితోనే మాట్లాడుతుంది.

మీ మరిది సంగతికొస్తే, డిటెక్టివ్ నవలలు పైకి చదవడానికి పుట్టినవే. అతన్ని తక్కువగా చూడకండి. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్, అతని అసిస్టెంటు రాజు ఉన్న నవలలు ఇప్పటికీ పాతబడలేదు. సెలవు రోజు అతన్నే చదవమనండి. ఆధారం దొరికిన చోట ఆపేసి, హంతకుడెవరో అందరిచేతా చీటీలు రాయించమనండి. మధుబాబు ‘షాడో’లు ఈపాటికి అతను చదివేసే ఉంటాడు.

భయం కావాలన్నారు. భయమంటే అందరూ యండమూరి ‘తులసిదళం’ పేరే చెబుతారు. చదివించే పుస్తకమే, కాదనను. చేతబడి చుట్టూ అల్లిన నవల. మనం ఉన్న చోట మాత్రం దాన్ని పిల్లల మధ్య పైకి చదవమని నేను చెప్పను. చిల్లంగి (చేతబడి) పెట్టారని అనుమానించి మనుషుల్ని కొట్టి చంపే ఘోరం మన కొండ ఊళ్లల్లో ఇంకా పోలేదు. దాన్ని ఆపడానికే ఒడిశా ప్రభుత్వం 2013లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో అది సరదా భయం, ఇక్కడ అంత సరదా కాదు. దాని బదులు డాక్టర్ కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’ తెచ్చుకోండి. చిన్న నవల. ఈనిన పందిని వెతుక్కుంటూ చీకటిపడ్డ అడవిలోకి వెళ్లిన ఒక ముసలివాడు, ఒక్క రాత్రి. దెయ్యం లేదు, మంత్రం లేదు, ఒళ్లు మాత్రం జలదరిస్తుంది. మీ మరిది కూడా లేచి పోడు.

యాత్రలకి రెండు. ఒకటి మొక్కపాటివారి ‘బారిస్టరు పార్వతీశం’, మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండుకి బయల్దేరతాడు. రైల్లో, మద్రాసులో, ఓడలో అతను పడే అవస్థలు పైకి చదువుతుంటే మీకే నవ్వాగదు. మూడు భాగాల్లో మొదటిది చాలు. రెండోది ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’. ఈయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి తర్జుమా చేసి చెప్పే ఉద్యోగి. 1830 మే 18న బోయీలు మోసే పల్లకీలో పెద్ద పరివారంతో బయల్దేరి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబరులో ఇంటికి చేరారు. ఎక్కడ మంచినీళ్లు దొరుకుతాయి, ఏ రేవులో ఎంత సుంకం, ఏ ఊళ్లో ఏ బియ్యం అని రాసుకుంటూ పోయిన మనిషి. వాక్యాలు పాతకాలం నాటివి, పుస్తకమంతా చదివితే మళ్లీ అందరూ జారుకుంటారు. కాబట్టి తిరుగు ప్రయాణం మాత్రమే తీయండి: పూరీ దాటి, గంజాం జిల్లా మీదుగా శ్రీకాకుళం వైపు దిగే పేజీలు. మీకు తెలిసిన ఊర్లు, దాదాపు 200 ఏళ్ల కిందటివి. మీ అత్తగారు పుట్టింటి దారి పోల్చుకుంటారు.

సైన్సుకి నండూరి రామమోహనరావుగారి ‘విశ్వరూపం’, ‘నరావతారం’. మొదటిది ఆకాశం గురించి, రెండోది మనిషి పుట్టుక గురించి. ఆంధ్రజ్యోతి సంపాదకులుగా పనిచేసిన మనిషి కాబట్టి ఎక్కడా పాఠంలా ఉండదు. ప్లూటోని ఇంకా గ్రహంగా లెక్కేసిన రోజుల నాటి పుస్తకాలు కనుక, తప్పు కనిపెట్టే పని పాపకి అప్పగించండి. స్కూలు పుస్తకం తెచ్చి మరీ కనిపెడుతుంది. ఆయనే తెలుగు చేసిన ‘కాంచనద్వీపం’, ‘టామ్ సాయర్’ కూడా పిల్లలకి బాగుంటాయి.

పద్యాలూ పాటలూ మీరు అడగలేదు, అయినా గురజాడ ‘పూర్ణమ్మ’, ‘కన్యక’ ఒకరోజు చదవండి. కథలే, కానీ పాట నడక. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ తెరిస్తే మిషన్ తొక్కేవాళ్లకి ఏ గీతం ఎవరి కాలికి సరిపోతుందో వాళ్లే చెబుతారు.

మీ అత్తగారి రామాయణాన్ని చివరికి ఉంచాను. ఆవిడ మాట కాదనక్కర్లేదు. ఓల్గా ‘విముక్త’ తీసుకోండి, 2015లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. చిన్న కథలు. సీత ఒక్కో కథలో ఒక్కొక్క ఆడమనిషిని కలుస్తుంది: శూర్పణఖని, అహల్యని, రేణుకని, ఊర్మిళని. మీ అత్తగారు ఒప్పుకోరు, అది వేరే సంగతి. మూలంలో ఏముందో ఆవిడకి కంఠతా వచ్చు కాబట్టి ఆ రోజు షాపులో అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆవిడే. రంగనాయకమ్మగారి ‘రామాయణ విషవృక్షం’ మాత్రం ఇంట్లో శాంతి కావాలనుకుంటే ఇప్పుడప్పుడే తేకండి. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ ఒకే ఒక్క కథ, పది నిమిషాలు. ఇల్లలికి ఇల్లలికి తన పేరే మర్చిపోయిన ఇల్లాలిది. అది విని మీ అత్తగారు తన పేరు పైకి చెప్పుకుంటే ఆశ్చర్యపోకండి.

ఖర్చు సంగతి. రచయిత పోయి 60 ఏళ్లు దాటితే మన దేశంలో ఆ రచన అందరిదీ. గురజాడ, ఫకీర్‌మోహన్, వీరాస్వామయ్య ఎప్పుడో అలా అయిపోయారు. ‘కన్యాశుల్కం’, ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఫోన్లో చదవడం కష్టం కాబట్టి ‘కన్యాశుల్కం’ ఒక్కటి కొనండి, చవక ముద్రణలు దొరుకుతాయి. చాసో, ‘యజ్ఞం’, ‘బుడుగు’, ‘రైలుబడి’ కొనాల్సినవి. నెలకొకటి కొన్నా ఏడాదికి సరిపోతాయి. శ్రీకాకుళం వెళ్లే పనుంటే కథానిలయంలోకి ఒక గంట వెళ్లండి. కాళీపట్నం రామారావుగారు తన ‘యజ్ఞంతో తొమ్మిది’కి 1995లో అకాడెమీ అవార్డు వచ్చాక, 1997లో తెలుగు కథల కోసమే కట్టించిన గ్రంథాలయం అది. పాత పత్రికల్లోని కథలు వాళ్ల వెబ్‌సైట్లో కూడా చదువుకోవచ్చు.

ఒకటి మిగిలింది, కావాలనే మిగిల్చాను. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘వడ్లగింజలు’. ఆయన 1961లో పోయారు, కాబట్టి ఇదీ ఇప్పుడు అందరిదే. గోదావరి మాట, పెద్దాపురం సంస్థానం, చదరంగం ఆడే ఒక బీద కుర్రాడు. రాజుగారి దర్శనం దొరకడమే గగనమైపోతుంది అతనికి. వారం రోజులు హాయిగా సాగే పెద్దకథ, మాటలే మాటలు. ముగింపు వచ్చే రోజు ఆదివారమయ్యేలా చూసుకుని మీ మరిదిని కూడా ఉండమనండి. ముందుగా ఏమీ చెప్పకండి. బల్ల మీద మార్కింగ్ సుద్దతో 64 గళ్లు గీసి పెట్టండి, గుప్పెడు వడ్లు పక్కన పెట్టండి. మొదటి గడిలో ఒకటి, తర్వాత రెండు, ఆ తర్వాత నాలుగు. ఆ లెక్క ఎన్నో గడి దగ్గర చేతికి అందకుండా పోతుందో అతన్నీ పాపనీ కలిసి కట్టమనండి.